రాత్రివేళ ఇల్లు తడుపు కుక్క



ఈ పూట నేను ప్రసంగింపబోవు విషయము మీలో కొందరికి నవ్వు పుట్టింపవచ్చును. మిరప ధర, సాగరు కాలువ నీరు, పత్తి పురుగు మొదలగు పెద్ద సంగతులు ఉండగా, పెంపుడు కుక్క రాత్రివేళ ఇంటిలో మూత్రము విడుచుటను గూర్చి పెద్దలు కూర్చుండి వినవలెనా యని మీరు అడుగవచ్చును. నేను పల్నాటి గ్రామములలో పశువైద్యుడనుగా చాలకాలము పనిచేసి ఇప్పుడు విశ్రాంతి గైకొనియున్నవాడను. గేదె చూడి కట్టలేదని వచ్చినవారు, ఎద్దునకు గాలికుంటు సోకినదని వచ్చినవారు, తమ పని ముగిసిన పిమ్మట లేవబోవుచు, గొంతు తగ్గించి, "డాక్టరుగారూ, మా కుక్క సంగతి ఒకటి ఉన్నది" అని మొదలుపెట్టుట నేను పెక్కుసార్లు వింటిని. గొంతు తగ్గించుట సిగ్గుచేత. సంగతి మాత్రము ఎప్పుడును ఒక్కటే. అయిదారేండ్లుగా ఇంట పెరిగి, గడప లోపల ఎన్నడును తప్పు చేయని కుక్క, ఇప్పుడు తెల్లవారునప్పటికి వసారా తడిపి ఉంచుచున్నది. కొట్టి చూచిరి, మానలేదు. సాయంకాలము నుండి నీళ్లు పెట్టుట మానిరి, అప్పటికిని మానలేదు. కడపట అడుగు ప్రశ్న యేమనగా, "దీనిని ఏ రోడ్డు ప్రక్కనో వదలివచ్చిన తీరిపోవునా?" అని.

ఆ కడపటి ప్రశ్నను బట్టియే నేను ఈ విషయమును ఎన్నుకొంటిని. కొట్టుట గాని, నీళ్లు ఆపుట గాని, వదలివేయుట గాని దీనికి మందు కాదు. నీళ్లు ఆపుటయో, మన పల్నాటి ఎండలలో కుక్క ప్రాణమునే తీయవచ్చును. అలవాటు నేర్చిన కుక్క అలవాటు తప్పినదనగా దానికి ఏదో కొత్తగా వచ్చినదని అర్థము. ఆ వచ్చినది ఏదియో కనుగొనుట సగము మీ చేతిలోని పనియే. అందులకు కొంచెము ఓపికయు, లీటరు కొలుచు పాత్ర యొకటియు ఉన్న చాలును.

మన తాతలనాడు ఈ చిక్కు ఇంతగా లేదు. కుక్క వీధి అరుగుమీదనో, గొడ్లచావిడిలోనో, కళ్లములోనో పండుకొనెడిది. రాత్రి అవసరమైనప్పుడు తానే లేచి చీకటిలోనికి పోయి వచ్చెడిది. దాని వేళలు దానివి, మన నిద్ర మనది. ఇప్పుడు ఊరూర ప్రహరీగోడలు లేచినవి, ఇనుప గేట్లు వచ్చినవి. నల్లమల అంచున మాచర్ల, వెల్దుర్తి వైపు ఊళ్లలో చిరుతపులి భయము వేరుగ కలదు. చిరుతకు కుక్క సులువుగ దొరకు ఆహారము. కావున అచ్చటివారు చీకటి పడగనే కుక్కను లోపలికి తీసికొని తలుపు వేయుదురు. అది మంచి పనియే. అయితే తలుపు గడియ మన చేతిలోనికి వచ్చిన దినముననే ఆ కుక్క మూత్రాశయపు లెక్కయు మన చేతిలోనికి వచ్చినది. రాత్రి 8 గంటలకు గడియ వేసి ఉదయము 6 గంటలకు తీసినచో 10 గంటలు అయినది. ఆరోగ్యము గల పెద్ద కుక్క 8 గంటలు ఇబ్బంది లేకుండ ఆపుకొనగలదు. నిద్రలో మరికొంత సేపు ఆపుకొనును. రెండు నెలల పిల్ల 3 గంటలు ఆపుకొనిన గొప్ప. కొందరు పిల్లకుక్కను పెద్దకుక్కతో పోల్చి, "దీనికి బుద్ధి లేదు" అందురు. దానికి లేనిది బుద్ధి కాదు, వయస్సు.

నిజమునకు కుక్కకు శుభ్రత మనము నేర్పునది కాదు. పుట్టిన మూడు వారములకే, కాళ్లు సరిగ నిలువకమునుపే, పిల్లలు తల్లి పండుకొను చోటు విడిచి ప్రక్కకు పోయి విసర్జింప మొదలుపెట్టును. పడకను మైలపరచరాదను బుద్ధి దాని పుట్టుకతోనే ఉన్నది. ఈ ఇల్లంతయు నీ పడకయే సుమా యని చెప్పుటయే మనము చేయు శిక్షణ. కావున అట్టి జంతువు తాను పండుకొను వసారాను కోపముచేతనో, కసిచేతనో తడుపునని తలచుట సరికాదు. "నేను లేచి రాగానే తల దించి, తోక ముడిచి, మూలకు పోవుచున్నది, తప్పు చేసితినని దానికి తెలియును" అని మీరు అనవచ్చును. ఈ మాట లోకమంతట ఉన్నది. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అను అమెరికా పరిశోధకురాలు దీనిని పరీక్షించెను. యజమాని ఒక తినుబండమును ముట్టవద్దని కుక్కకు చెప్పి బయటికి పోవును. తిరిగి వచ్చిన పిదప కుక్క తినినదనియో తినలేదనియో ఆయనకు చెప్పుదురు; ఆ చెప్పినది ఒక్కొక్కప్పుడు నిజము, ఒక్కొక్కప్పుడు అబద్ధము. కుక్క తల దించుట దాని తప్పును బట్టి జరుగలేదు, యజమాని గద్దింపును బట్టియే జరిగెను. తినని కుక్కయు గద్దింపగనే తల దించెను. ఉదయము మీ కుక్క చూచుచున్నది నేల మీది తడిని కాదు, మీ ముఖమును.

పెద్దలగు మీకు భారతము ఆరంభముననే ఉన్న సరమ కథ జ్ఞాపకము ఉండును. జనమేజయుని యాగశాలలో తిరుగుచున్న కుక్కపిల్లను ఆయన తమ్ములు కొట్టిరి. అది హవిస్సును ముట్టలేదు. తల్లియగు సరమ వచ్చి, తప్పు చేయని దానిని ఏల కొట్టితిరని అడిగి, సమాధానము లేకపోగా, కారణము తెలియని భయము మీకు కలుగుగాక యని శపించెను. ఆ శాపము తీర్చుకొనుటకు రాజు తగిన పురోహితుని వెదకుచు పోవలసివచ్చినది. అంత పెద్ద గ్రంథము మొదటనే ఈ చిన్న కుక్కపిల్ల కథ ఉండుట నాకు ఎప్పుడును వింతగనే తోచును.

ఇక పనిలోనికి వచ్చెదము. ఉదయము లేవగనే నేల కడుగుటకు ముందు, తడి ఎచ్చట ఉన్నదో, ఎంత ఉన్నదో ఒక్క నిమిషము నిలిచి చూడుడు. ఇంటి ఆడువారు పాపము చీకటితోనే లేచి కడిగివేయుదురు. రెండు మూడు దినములు ఆగుమని చెప్పుడు.

మడుగు తలుపు దగ్గర ఉన్నయెడల, కుక్క లేచి వచ్చినది, గడియ తీయువారి కొరకు నిలిచినది, ఆపుకొనలేకపోయినది. దానికి అలవాటు చెడలేదు. వేళ ఎక్కువైనది, లేదా మూత్రము ఎక్కువైనది. గోనెపట్ట తడిసి, తొడల వెండ్రుకలు తడిసి, అది ఆ తడిలోనే నిద్రించుచున్నయెడల సంగతి వేరు. అది దానికి తెలియకుండ జారినది. పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స జరిగిన ఆడకుక్కలలో ఇది కొన్ని నెలలకో, కొన్ని ఏండ్లకో కనబడుచుండును. మూత్రమార్గమును బిగించి ఉంచు కండరము సడలుటయే కారణము. దీనికి మంచి మందులు ఉన్నవి. చాల కుక్కలకు గుణమిచ్చును. ఇది విని శస్త్రచికిత్సయే వద్దనువారు ఉందురు. వారి మాట వినకుడు. అది చేయింపని ఆడకుక్కకు రాగల ఆపదను మరికొంత సేపటికి చెప్పెదను. కొంచెము కొంచెముగ నాలుగైదు చోట్ల తడి ఉండి, పగలును మాటిమాటికి కూర్చుండి చుక్కలుగ విడుచుచు, ఎఱ్ఱగనో దుర్వాసనతోనో ఉన్నయెడల మూత్రాశయమునకు పుండు పట్టినదో, రాయి పుట్టినదో అయి ఉండును. మగకుక్క ముక్కుచు ఒక్క చుక్కయు విడువలేకున్నయెడల దారి మూసికొనినదని అర్థము. అట్టిదానిని రేపు చూచెదమని ఉంచరాదు. ఒకటి రెండు దినములలో ప్రాణము పోవును.

మగకుక్క స్తంభమునకో, గోడ మూలకో, బియ్యపు బస్తాకో కాలెత్తి కొంచెము విడుచుట మరియొకటి. అది తన పొలమునకు హద్దురాయి పాతుకొనుట వంటిది. వీధిలోనికి కొత్త కుక్క వచ్చిననాడు, ప్రక్క యింటి ఆడకుక్క ఎదకు వచ్చిననాడు ఎక్కువగును. మన పల్నాటిలో హద్దురాళ్ల తగవులు ఎట్టివో మీకు నేను చెప్పనక్కరలేదు. మగకుక్కకు శస్త్రచికిత్స చేయించినచో ఈ గుణము చాలవరకు తగ్గును.

తలుపు దగ్గర పెద్ద మడుగు కట్టుచున్నదని అనుకొందము. అప్పుడు కొలత అవసరము. మొదట కుక్క బరువు తెలిసికొనుడు. ఎరువుల దుకాణపు కాటామీద కుక్కను ఎత్తుకొని ఒకసారియు, ఎత్తుకొనక ఒకసారియు నిలిచినచో తేడా తెలియును. మన ఊరి కుక్క 15 కిలోలు ఉన్నదనుకొనుడు. తెల్లవారగనే మూకుడులో లీటరు నీరు కొలిచి పోసి, అయిపోయినకొలది మరల కొలిచి పోయుచు, మరునాటి తెల్లవారునప్పటికి ఎన్ని లీటర్లు త్రాగినదో వ్రాసికొనుడు. గొడ్ల తొట్టికి, కుడితి కుండకు, వంటింటి కాలువకు అది పోకుండ చూడవలెను. లేనిచో లెక్క చెడును. ఇట్లు మూడు దినములు చేసి సగటు తీయుడు. సాధారణముగ కుక్క దినమునకు కిలో బరువునకు 50, 60 మిల్లీలీటర్లు త్రాగును. అనగా మన కుక్కకు ముప్పాతిక లీటరు మొదలు లీటరు లోపల. మజ్జిగ అన్నము తినునది ఇంకను తక్కువ త్రాగును. వేసవిలో ఎక్కువగును. చల్లని దినములలోనే కిలోకు 100 మిల్లీలీటర్లు దాటి, అనగా లీటరున్నరకు మించి త్రాగుచున్నచో, ఆ కుక్క రాత్రి ఆపుకొనలేకపోవుటలో వింత లేదు. దానికి దాహపు జబ్బు ఉన్నది.

దాహపు జబ్బులలో పెద్దవి మధుమేహమును, మూత్రపిండముల క్షీణతయు. మధుమేహము వచ్చిన కుక్క బాగుగ తినుచునే చిక్కిపోవును. మనుష్యులకు వలెనే దానికిని ఇన్సులిన్ సూదులు వేయుదురు, సాధారణముగ దినమునకు రెండుసార్లు. మూత్రపిండములు చెడిన కుక్క ఆకలి తగ్గి, నోట వాసన వచ్చి, నీరసించును. ఆ మూత్రపిండములు నీటిని వెనుకకు తీసికొనలేవు. త్రాగినదంతయు పలుచగ బయటికి పోవును. అట్టిదానికి నీళ్లు ఆపినచో మూత్రము ఆగదు, ఒంటిలోని నీరే పోవును. ఇంటివారు తెలియక చేయు హానిలో ఇంతకు మించినది నేను చూడలేదు.

మూడవ కారణము జబ్బు కాదు, మందు. గురజాల వైపు నుండి ఒక పెద్ద రైతు తన కుక్కను తెచ్చి, "డాక్టరుగారూ, దీనికి బాధలేకుండ సూది వేసి పంపివేయుడు, నేను చూడలేను" అనెను. ఏడేండ్ల కుక్క. మిరప కళ్లములో ఆయనతోపాటు ఎన్ని రాత్రులో కాపు కాచినది. నెలదినముల నుండి ఇల్లు చెరువు చేయుచున్నదట. ఏమైన మందు వాడుచున్నారా యని అడిగితిని. ఏమియు లేదనెను. మరల అడిగితిని. అప్పుడు ఇంటికి ఫోను చేయగా, ఆయన కోడలు, "మామయ్యగారూ, దురదకు దుకాణములో తెచ్చిన తెల్ల మాత్రలు అన్నములో కలిపి పెట్టుచునే ఉన్నాము గదా" అని చెప్పినది. అవి స్టెరాయిడు మాత్రలు. దురదను వెంటనే తగ్గించును. దానితోపాటు దాహమును, ఆకలిని, మూత్రమును పెంచును. వాటిని ఒక్కసారిగ ఆపుట అపాయము. కావున కొంచెము కొంచెముగ తగ్గించి మాన్పించితిని. దురదకు అసలు కారణము పిడుదులు. వాటికి తగిన మందు వేసితిమి. మూడు వారములలో వసారా ఆరినది. ఆ రైతు తరువాత ఆ మాట ఎత్తలేదు. ఒకనాడు మాత్రము ఒక బస్తా వేరుసెనగ కాయలు పంపెను, నేను త్రిప్పి పంపితిని.

శస్త్రచికిత్స చేయింపని ఆడకుక్కకు రాగల ఆపద యని ఇంతకుముందు అంటిని. అది గర్భసంచిలో చీము పట్టుట. ఎద ముగిసిన రెండు వారములు మొదలు రెండు నెలల లోపల, వయస్సు మీరిన ఆడకుక్క తిండి మాని, విపరీతముగ నీళ్లు త్రాగుచు, వాంతి చేసికొనుచు, రాత్రి ఇల్లు తడుపుచున్నయెడల దీనిని అనుమానింపవలెను. ఒక్కొక్కప్పుడు వెనుకనుండి చీము కారును. ఒక్కొక్కప్పుడు కారదు, అది మరింత చెడ్డది. ఆ దినముననే వైద్యునికి చూపవలెను. ముందుగనే శస్త్రచికిత్స చేయించిన కుక్కకు ఈ భయము ఉండదు.

జబ్బేమియు లేదని తేలినచో తిండి వైపు చూడుడు. మన యిండ్లలో కుక్కకు ప్రత్యేకముగ వండువారు తక్కువ. రాత్రి 9 గంటలకు అందరి భోజనములు అయిన పిమ్మట, విస్తళ్లలో మిగిలిన గోంగూర, కారము, పులుసు, ఎముకలు కలిపి ఒక్కసారిగ పెట్టుదురు. ఉప్పు దాహము పుట్టించును, కారము కడుపును కదల్చును, వండిన ఎముకలు పేగులను గీయును. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తమును చెఱచును. తిని, మూకుడెడు నీళ్లు త్రాగి, వెంటనే లోపల మూయబడిన కుక్క తెల్లవారుజామున ఏమి చేయవలెను? మల విసర్జన కూడ రాత్రి ఇంటిలో జరుగుచున్నచో ఈ తిండియే తఱచుగ కారణము, లేదా కడుపులోని పురుగులు. దాని అన్నమును మన కూరలు కలుపక ముందే తీసి, పొద్దు క్రుంకకముందు పెట్టుడు. రోజును ఒకే వేళకు పెట్టిన కుక్క రోజును ఒకే వేళకు బయటికి పోవును.

పండుకొనబోవునప్పుడు తలుపు తీసి "పో" యని అనుట చాలదు. ఇది చాలమంది గమనింపని సంగతి. తలుపు తీయగనే కుక్క వీధి కుక్కలను చూచి మొరిగి, గేటు దాక పరుగెత్తి, నాలుగు వాసనలు చూచి, వచ్చిన పని మరచి తిరిగి వచ్చును. మనము పని అయినదనుకొని గడియ వేయుదుము. కావున మెడపట్టెడకు గొలుసు తగిలించి, మీరే వెంట పోయి, దొడ్డిలో ఒకే చోట నిలువుడు. అయిదు నిమిషములు మాటలాడక నిలిచిన చాలును. అది విసర్జించిన మరుక్షణమే మెచ్చుకొనుడు. చిన్న రొట్టెముక్క పెట్టుడు. ఇంటిలోనికి వచ్చిన పిదప పెట్టిన రొట్టె, ఇంటిలోనికి వచ్చినందుకే యని అది అనుకొనును.

రోజును ఇంచుమించు ఒకే వేళకు, తెల్లవారుజామున 3 గంటలకు అనుకొందము, తడుపుచున్నచో మీరు రెండున్నరకే లేచి దానిని బయటికి తీసికొనిపొండు. దీపములు వేసి ఆటలాడింపరాదు. పని కాగానే మరల పడక. వారము దినములు నేల పొడిగ ఉన్నపిమ్మట ఆ వేళను రెండు మూడు దినములకు ఒకసారి పావుగంట చొప్పున తెల్లవారువైపునకు జరుపుడు. నెల, నెలన్నరలో మీ నిద్ర మీకు వచ్చును. వృద్ధులలో చాలమంది ఆ వేళకు తమకొరకు ఎట్లును లేతురు. కుక్కను కూడ తోడు తీసికొనిపోవుట పెద్ద కష్టము కాదు. పడకను మీ మంచమునకు దగ్గరగ మార్చినచో అది లేచి తిరుగు చప్పుడు మీకు వినబడును. పొట్టి గొలుసుతో స్తంభమునకు కట్టివేయుట మాత్రము తగదు. అది తన మూత్రములోనే పండుకొనవలసివచ్చును. అట్లు కొన్నాళ్లు జరిగినచో పుట్టుకతో వచ్చిన శుభ్రత కూడ పోవును.

నీళ్ల మాట మరల చెప్పుచున్నాను. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతట పేరుపడినవి; అచ్చట 45 డిగ్రీలు దాటిన దినములు మీరు ఎరుగుదురు. కుక్కకు మనవలె ఒళ్లంతయు చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుచు, నోటినుండి నీటిని ఆవిరి చేసి ఒంటి వేడిని తగ్గించుకొనును. రాత్రివేళ కూడ బండలు వేడిగ ఉండు వేసవిలో నీళ్లు లేని కుక్క వడదెబ్బకు చచ్చును. సాయంకాలము అన్నముతోపాటు కడుపునిండ నీళ్లు త్రాగనిచ్చి, పడుకొను ముందు బయటికి తీసికొనిపోయి, రాత్రికి మూకుడులో నీరు ఉంచుడు. పెంచుకొను జంతువునకు చాలినంత నీరు పెట్టకపోవుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరము కూడను.

తడిసిన నేలను శుభ్రము చేయుటలోను ఒక చిక్కు కలదు. కుక్క ముక్కునకు పాత వాసన తగులుచున్నంత కాలము ఆ చోటు మరుగుదొడ్డియే యని దానికి తోచును. ఫినాయిలు చల్లినచో మన ముక్కు మోసపోవును, దాని ముక్కు మోసపోదు; పైగా ఆ ఫినాయిలు దాని పాదములకు అంటి, నాకినచో విషము. పట్టణములలో వెనిగరుతో తుడువుమని చెప్పుదురు. మన మాచర్ల, పిడుగురాళ్ల ప్రాంతపు నాపరాయి సున్నపురాయి జాతిది. వెనిగరు గాని, నిమ్మరసము గాని పడినచో పొంగి, రాయి గరుకెక్కి, ఆ గరుకులో వాసన మరింత నిలుచును. కావున నాపరాతి నేలను మొదట పాతబట్టతో అద్ది తడి తీసి, సబ్బునీటితో రెండుసార్లు కడిగి, బండల సందులలో వంటసోడా చల్లి, ఆరిన పిదప ఊడ్చివేయుడు. పశువుల మందుల దుకాణములలో దొరకు ఎంజైముల ద్రవము వాసనను మూలమునకు పోగొట్టును, వెల మాత్రము ఎక్కువ. మట్టినేల అయినచో తడి ఇంకిన మేరకు పైమట్టి గీకి పారవేసి, కొత్తమట్టితో మెత్తి అలుకవలెను. కుక్క మూత్రములో ఎలుకజ్వరపు క్రిములు ఉండవచ్చును. చేతికి గాని కాలికి గాని పుండు ఉన్నవారు దానిని తాకరాదు. కడిగినవారు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

పిడుగుల రాత్రులలోను, దీపావళి టపాసుల రోజులలోను, కారెంపూడి వీరుల ఉత్సవములప్పుడు డప్పుల మ్రోతకును భయపడి తడుపు కుక్కలు ఉన్నవి. ఆ రాత్రులకు మాత్రము చీకటిగ, నిశ్శబ్దముగ ఉండు గదిలో మీకు దగ్గరగ ఉంచుకొనిన చాలును.

ముసలి కుక్క సంగతి అంత సులువు కాదు. పది పన్నెండేండ్లు దాటినదానికి కీళ్లు పట్టివేయును; లేచుటకే బాధ, మెట్లు దిగుటకు మరింత బాధ. కొన్నిటికి మతిమరుపు కూడ వచ్చును: రాత్రి అటునిటు తిరుగుట, గోడవైపు తిరిగి నిలుచుట, తలుపు ఏ వైపున తీయుదురో మరచుట. కీళ్ల నొప్పికి వైద్యుడు ఇచ్చు మందులు పనిచేయును. మనుష్యుల నొప్పిమాత్రలు పెట్టకుడు. అవి కుక్క కడుపును, మూత్రపిండములను చెఱచును. మతిమరుపును పూర్తిగ త్రిప్పలేము. మెట్లు లేని చోట పడక, క్రింద మందముగ గోనెపట్టలు, రాత్రి రెండుసార్లు బయటికి తీసికొనిపోవుట, ఇంతియే. ఇది ఎన్నాళ్లని అడిగినచో, అది బ్రతికినన్నాళ్లు అని చెప్పుట తప్ప నాకు వేరు సమాధానము లేదు. మీ ఇంటి ముసలివారికి ఈ వయస్సున జరుగుచున్నదానికంటె దీనికి జరుగుచున్నది వేరు కాదు.

రోడ్డుప్రక్క వదలివచ్చుటను గూర్చి రెండు మాటలు. ఇంట పెరిగిన కుక్కకు వీధి తెలియదు. అక్కడి గుంపు దానిని చేరనీయదు. లారీ చక్రమో, ఆకలియో, మరియొక కుక్క కాటో దానికి మిగులును. పిచ్చికుక్క కాటు పడినచో, నిన్నటివరకు మీ పిల్లలతో ఆడిన ఆ కుక్కయే మరియొక ఊరి పిల్లకు మృత్యువగును. రేబీస్ లక్షణములు మొదలైన పిదప మనిషికి బ్రతుకు దాదాపు లేదు. కారణము లేకుండ వదలి, ఆకలిదప్పులకు గురిచేయుట కూడ నేను చెప్పిన చట్టము క్రింద నేరమే. ఇచ్చటనే ఒక హెచ్చరిక. ఇల్లు తడుపుటతోపాటు కుక్క గొంతు మారి, చొంగ కార్చుచు, మ్రింగలేక, కారణము లేకుండ కరవవచ్చుచున్నచో, దాని నోటిలో చేయి పెట్టి చూడకుడు. గదిలో మూసి వైద్యునికి కబురు చేయుడు. ఎవరినైన కరచినయెడల ఆ గాయమును సబ్బుతో, ధారగ పడు నీటిలో 15 నిమిషములు కడిగి, ఆ దినముననే టీకాకు ఆసుపత్రికి పంపవలెను.

వైద్యుని దగ్గరకు పోవునప్పుడు కుక్కను మాత్రము తీసికొనిపోయినచో సగము పని మిగిలిపోవును. మూడు దినముల నీటి కొలత, తడి ఎచ్చట, ఏ వేళకు కనబడినది, ఆడుదైనచో ఎద ఎప్పుడు వచ్చినది, ఏ మాత్రలు పెట్టుచున్నారు, ఇవి ఒక కాగితముమీద వ్రాసికొని పొండు. మాత్రల అట్ట కూడ జేబులో వేసికొనుడు. ఉదయము మొదటిసారి విడుచు మూత్రమును, ధార నడుమ గరిటె చాచి పట్టి, కడిగి ఆరబెట్టిన గాజుసీసాలో పోసి బిగించుడు. ఊరగాయ సీసా అయినచో ఉప్పు వాసన లేశమైనను ఉండరాదు. దానిని గంట రెండు గంటల లోపల చేర్పవలెను. ఆలస్యమగునట్లున్నచో చల్లని పెట్టెలో ఉంచుడు. కదలలేని కుక్కయైనచో 1962 నంబరునకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనము మీ ఊరికి ఎప్పుడు వచ్చునో అడుగుడు. ఆ సీసా తెచ్చినవారి కుక్కకు ఏమి జబ్బో చెప్పుటకు నాకు తఱచుగ పావుగంట చాలెడిది.